మాంసం మానేశాక ఒంట్లో, మనసులో వచ్చే మార్పులను గమనించడం ఎలా?

మాంసం మానేసినవారు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "నీరసంగా ఉంటోంది, మానేయడం వల్లనేనా?" "కడుపు ఉబ్బరంగా ఉంటోంది, మళ్లీ మొదలుపెట్టమంటారా?" "కోపం తగ్గిందనిపిస్తోంది, నిజమా, నా ఊహా?" వీటికి ఎవరైనా జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. మానకముందు మీరు ఎలా ఉండేవారు? ఇక్కడే చాలామంది తడుముకుంటారు. నీరసం కొత్తదో పాతదో చెప్పలేరు. మూడు కిలోలు తగ్గానంటారు గానీ ఎంత నుంచి తగ్గారో గుర్తుండదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఒక్క మాంసమే మానినవారు అరుదు. కార్తీకంలో మానేవారు తెల్లవారుజామున స్నానాలు, సోమవారం ఉపవాసాలు కూడా చేస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవారు ఆ 41 రోజులూ మద్యం, సిగరెట్టు ముట్టరు, నేల మీద పడుకుంటారు, చన్నీటి స్నానం చేస్తారు. మండలం పూర్తయ్యేసరికి ఒళ్లు తేలికపడితే ఆ ఘనతంతా కోడికూర మానడానికే కట్టబెట్టడం, మందు తప్పినందుకు ఊపిరి పీల్చుకున్న కాలేయానికి అన్యాయం.

మూడోది మన వంటిళ్ల సంగతి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ (కేంద్ర ప్రభుత్వ) సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతానికి పైనే. అంటే మానేవారిలో ఎక్కువమంది తమ ఇంట్లో ఆ పని చేస్తున్న మొదటి మనిషి. తరతరాలుగా శాకాహారం వండే ఇళ్లలో పప్పు, పెరుగు, నువ్వులపొడి ఎవరూ చెప్పకుండానే పళ్లెంలోకి వస్తాయి. మిగతా ఇళ్లలో కూర గిన్నె తీసేస్తారు, ఆ చోటు ఖాళీగా ఉంటుంది, అన్నం వచ్చి దాన్ని నింపుతుంది. తర్వాత కనిపించే మార్పుల్లో సగం ఆ అన్నం తెచ్చినవే.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం. ఫోనులో రాసుకున్నా సరే, కానీ రోజూ తెరిచేదై ఉండాలి.
- బరువు చూసే యంత్రం, కుట్టుపనికి వాడే టేపు.
- ఇంట్లో ఉంటే బీపీ యంత్రం. దీనికోసం కొత్తది కొనక్కర్లేదు.
- పప్పులు కొలవడానికి ఒక చిన్న కప్పు. వారం రోజులు వాడితే చాలు, ఆ తర్వాత చెయ్యే చెబుతుంది.
- రెండుసార్లు రక్తపరీక్షలకు డబ్బు. ఒకసారి మానకముందు, ఇంకోసారి మూడు నెలల తర్వాత.
- మీతో రోజూ మెలిగే ఒక మనిషి. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పులు, ఆకుకూరలు ఎంత తినాలో లెక్క వేరు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారికి తిండి మారితే మందు మోతాదు మారాల్సి రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందుకు అడ్డు తగులుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు సోయాకు, మాత్రకు మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలో ఈ వ్యాసం ఒక్కటి చదివి నిర్ణయం తీసుకోవద్దు.

1. ఏం మానుతున్నారో ఒక వాక్యంలో రాయండి

"మాంసం మానేశాను" అన్నమాటకు ఇంటికో అర్థం ఉంటుంది. కోడి, మేక మాని చేపలు తినేవారున్నారు. గుడ్డు ఉంచుకునేవారున్నారు. బొమ్మిడాయిల పులుసులో ముక్క పక్కకు తీసి పులుసు మాత్రం పోసుకునేవారూ ఉన్నారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ గుడ్డు ఉంచుకున్నవారికి, పాలు కూడా మానినవారికి ఒంట్లో జరిగేది ఒకటి కాదు. "కోడి, మేక, చేప, రొయ్య మానుతున్నాను. గుడ్డు వారానికి నాలుగు. పాలు, పెరుగు మామూలే." ఇంత స్పష్టంగా ఉండాలి. పక్కనే ఇంకో పంక్తి రాయండి: ఇదే సమయంలో ఇంకేం మారుస్తున్నారు? నడక, మద్యం, సిగరెట్టు, ఉపవాసం, పడుకునే వేళ, ఏదైనా సరే. వీలైతే అవన్నీ ఒక నెల ముందో వెనకో పెట్టుకోండి. దీక్షలో ఉన్నవారికి అది కుదరదు కాబట్టి కనీసం రాసి ఉంచండి.

2. మానకముందు పది రోజులు, ఉన్నది ఉన్నట్టు రాయండి

రోజూ రాత్రి ఐదు నిమిషాలు చాలు. నిద్ర ఎన్ని గంటలు, విరేచనం ఎలా ఉంది, నీరసం వచ్చిందా, వస్తే ఏ వేళకు, కోపతాపాలు ఒకటి నుంచి ఐదులో ఎంత, ఏం తిన్నారు. బరువు వారానికి రెండుసార్లు, ఉదయం మలవిసర్జన అయ్యాక, ఏమీ తాగకముందు. నడుము చుట్టుకొలత వారానికి ఒకసారి, బొడ్డు మట్టంలో, ఊపిరి వదిలాక. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే పొట్ట కొవ్వు మీద కన్నేయాలని వైద్యులు చెబుతారు. టేపు కొన్నది అందుకే.

ఒక రోజు పేజీ ఇలా ఉంటే సరిపోతుంది:

"మంగళవారం. బరువు 71.4. నిద్ర 6 గంటలు, మధ్యలో ఒకసారి మెలకువ. విరేచనం సాఫీ. సాయంత్రం 4కి నీరసం, టీ తాగాక పోయింది. కోపం 3 (బ్యాంకులో గంట నిలబడ్డాను). మధ్యాహ్నం: అన్నం రెండుసార్లు, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, మజ్జిగ."

ఈ పేజీని ఒకసారి దగ్గరగా చూడండి. పప్పుచారులో పప్పు పేరుకే ఉంటుంది. వేపుడు దుంపదే. మజ్జిగలో నీళ్లే ఎక్కువ. అన్నం మాత్రం రెండుసార్లు. అంత పిండిపదార్థం తిన్నాక నాలుగింటికి కునుకు రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఇది మాంసం మానకముందు రాసిన పేజీ. ఇలాంటిదే మానాక రాసి ఉంటే నేరమంతా శాకాహారం మీద పడేది. పది రోజుల పాత లెక్క అవసరం ఇందుకే.

ఇప్పటికే మానేసి నెలలైతే పాత పది రోజులు మళ్లీ రావు. అప్పుడు పాత రక్తపరీక్షల కాగితాలు, పెళ్లిళ్ల ఫొటోలు, బెల్టు మీది పాత గుంటలు వెతకండి. జ్ఞాపకం కంటే అవి నమ్మదగినవి.

3. మానకముందు రక్తపరీక్ష చేయించుకోండి

డాక్టరును అడిగి చేయించుకోవలసినవి: సీబీపీ (రక్తకణాల లెక్క), విటమిన్ బి12, ఫెరిటిన్ (ఇనుము నిల్వ), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, కొవ్వులు), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు). గౌట్ అనే కీళ్లవాతం ఉన్నవారికి యూరిక్ ఆమ్లం కూడా.

వీటిలో ఒక్కటే చేయించగల స్తోమత ఉంటే బి12 చేయించండి. కారణం చెబుతాను. బి12 సహజంగా దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలలోనే. కానీ కాలేయం దాన్ని కొన్నేళ్లకు సరిపడా దాచుకోగలదు. అందువల్ల నిండుగా నిల్వ ఉన్న మనిషికి మానిన మూడో వారంలోనో మూడో నెలలోనో దాని లోటు రాదు. ఆదివారం మాత్రమే మాంసం తినేవారిలో, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో నిల్వ ముందే అడుగంటి ఉండవచ్చు. అప్పుడు పాదాల్లో తిమ్మిర్లు మాంసం మానిన రెండో నెలలో బయటపడితే, లోటు మాత్రం ఎప్పటిదో. ముందు పరీక్ష లేకపోతే ఈ తేడా పట్టుకోలేరు.

హెచ్చరిక: బి12 మాత్రలు ముందే మొదలుపెట్టి తర్వాత పరీక్షకు వెళ్లకండి. సంఖ్య బాగానే కనిపిస్తుంది, అసలు పరిస్థితి మరుగున పడుతుంది. వేసుకుంటూ ఉంటే డాక్టరుకు చెప్పండి.

4. తీసిన చోట ఏం పెడుతున్నారో తేల్చుకోండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పావుకిలో చికెన్ తిన్న రోజు ఈ లెక్క తనంతట తానే తీరిపోయేది. ఇప్పుడు ఇలా కూర్చుకోవచ్చు:

- రోజు మొత్తానికి 200 గ్రాముల బియ్యం: సుమారు 15 గ్రాములు
- పెసరట్టుకు 50 గ్రాముల పెసలు: 12
- ముద్దపప్పుకో పాలకూర పప్పుకో 40 గ్రాముల కందిపప్పు: 9
- 200 గ్రాముల పెరుగు: 6
- ఒక గ్లాసు పాలు: 6
- గుప్పెడు పల్లీలు: 6

మొత్తం 54. ఇందులో అద్భుతమేమీ లేదు, అన్నీ మన ఇంటి సరుకులే. పాలు పడనివారు 30 గ్రాముల మీల్‌మేకర్ వేసుకుంటే 15 గ్రాముల దాకా వస్తుంది. ఉలవలు, బొబ్బర్లు, శనగలు మార్చి మార్చి వండండి. గుడ్డు ఉంచుకున్నవారికి ఒక్కో గుడ్డు 6 గ్రాములు.

నలుగురున్న ఇంట్లో పప్పు చేసేటప్పుడు ఎంత పోస్తున్నారో ఒకసారి ఆ చిన్న కప్పుతో కొలవండి. మనిషికి 40 గ్రాములంటే 160 గ్రాముల పచ్చి పప్పు పడాలి. చాలా ఇళ్లలో పడేది అందులో సగమే, మిగతాది నీళ్లూ తాలింపూ.

ఇనుము సంగతి వేరు. మాంసంలోని ఇనుమును ఒళ్లు తేలిగ్గా పట్టుకుంటుంది, ఆకుకూరలు పప్పుల్లోనిది అంత తేలిగ్గా పట్టదు. దీనికి రెండు ఉపాయాలు. భోజనంలో విటమిన్ సి ఉండాలి: నిమ్మరసం, ఉసిరి, జామ. చింతపండు పులుపు ఇందుకు పనికిరాదు, అందులో విటమిన్ సి చాలా తక్కువ. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే అందులోని విటమిన్ సి కొంత వేడికి నశించిపోతుంది. దించాక పిండండి, నిమ్మకాయ పులిహోరకు చేసినట్టే. రెండోది, భోజనం కాగానే టీ, కాఫీ తాగే అలవాటును కనీసం గంట వెనక్కి జరపండి. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఈ రెండో ఉపాయానికి పైసా ఖర్చు లేదు, అయినా జనానికి ఇదే కష్టమనిపిస్తుంది.

బి12 కోసం చద్దన్నాన్ని, స్పిరులినాను నమ్ముకోకండి. స్పిరులినాలో ఉండేది చాలావరకు ఒంటికి పనికిరాని నకలు రూపం. పాలు, పెరుగు బాగా తీసుకునేవారికి కొంత దొరుకుతుంది. అవి కూడా మానినవారికి మాత్ర తప్పదు, మోతాదు డాక్టరును అడగండి. చేపలు మానినవారు రోజుకో చెంచా అవిసె గింజల పొడి వేసుకోవచ్చు. చేపల్లోని ఒమేగా కొవ్వుకు అది పూర్తి బదులు కాదు, ఏమీ లేనిదానికంటే మేలు.

5. మొదటి మూడు వారాలు: కడుపును గమనించండి

ముందుగా మారేది కడుపే. పప్పులు, గింజలు, కూరగాయలు పెరిగితే పీచు పెరుగుతుంది, పేగుల్లోని సూక్ష్మజీవులు దానికి అలవాటుపడేదాకా గ్యాసు, ఉబ్బరం, బొడ్డు చుట్టూ గుడగుడలు ఉంటాయి. సాధారణంగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. మలం పరిమాణం పెరుగుతుంది, రోజుకు ఒకసారి వెళ్లేవారు రెండుసార్లు వెళ్లవచ్చు. ఇది జబ్బు కాదు.

ఉబ్బరం ఇబ్బంది పెడితే:

- శనగలు, రాజ్మా, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో వండండి.
- పొట్టు తీసిన పెసరపప్పుతో మొదలుపెట్టి నెమ్మదిగా శనగల వైపు వెళ్లండి.
- తాలింపులో ఇంగువ, వాము మానకండి.
- నీళ్లు పెంచండి. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే విరేచనం సాఫీ కావడానికి బదులు గట్టిపడుతుంది.

హెచ్చరిక: రాజ్మా కుక్కరులో మెత్తగా ఉడకాలి. సరిగా ఉడకని రాజ్మా తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దాన్ని "శాకాహారం పడలేదు" అని రాసుకోకండి.

మొదటి వారంలోనే కిలో, కిలోన్నర తగ్గితే సంబరపడవద్దు. ఉప్పు, మసాలా తగ్గితే ఒంట్లో నీరు దిగుతుంది. ఊరగాయ పెరిగితే అదే నీరు తిరిగి వస్తుంది. నాలుగు వారాల సగటు చూస్తేనే బరువు సంగతి తెలుస్తుంది.

చెమట వాసన తగ్గుతుందా అని మొహమాటపడుతూ అడిగేవారు చాలామంది. 2006లో చెక్ పరిశోధకులు 17 మంది మగవారితో ఒక చిన్న ప్రయోగం చేశారు. మాంసం తినని రెండు వారాల్లో వారి చంకల వాసన కాస్త బాగుందని స్త్రీలు చెప్పారు. 17 మందితో తేలిపోయే విషయం కాదు గానీ, మీ ఇంట్లోవారిని అడిగి చూడవచ్చు. మీ వాసన మీకు తెలియదు.

6. మనసును గమనించేటప్పుడు మిమ్మల్ని మీరే నమ్మకండి

బరువు యంత్రం మీ నమ్మకాలను పట్టించుకోదు. మనసు అలా కాదు. "సాత్వికాహారం తింటే శాంతం వస్తుంది" అని గట్టిగా నమ్మి మొదలుపెట్టినవారికి మొదటి వారంలోనే శాంతం వస్తుంది. భార్య పోరు పడలేక మానినవారికి మొదటి వారంలోనే చిరాకు వస్తుంది. రెండూ అబద్ధాలని కాదు. కానీ రెండింటికీ కారణం పళ్లెంలో ఉందో తలలో ఉందో చెప్పడం కష్టం. సాత్వికం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. భగవద్గీత 17వ అధ్యాయంలో రాజసాహారం లక్షణాలుగా మితిమీరిన పులుపు, ఉప్పు, వేడి, కారం కనిపిస్తాయి. ఆ లెక్కన చికెన్ మాని రెండు పూటలా ఆవకాయతో తినేవారు శాంతం కోసం ఇంకొంత కాలం ఎదురు చూడాలి.

చేయవలసింది ఇది. కోపం, దిగులు, ఏకాగ్రత మూడింటికీ రోజూ ఒకటి నుంచి ఐదు లోపు అంకె వేయండి. పక్కన కారణం రెండు మాటల్లో రాయండి. పాత పేజీలు తిప్పి చూడకుండా వేయండి, లేకపోతే నిన్నటి అంకె ఈరోజు అంకెను లాగుతుంది. నెల తిరిగాక, మీతో రోజూ మెలిగే ఆ మనిషిని అడగండి. "మాంసం మానాక నేను మారానా?" అని అడిగితే మర్యాదకు అవుననేస్తారు. "ఈ నెలలో పిల్లల మీద ఎన్నిసార్లు అరిచాను?" అని అడిగితే నిజం వస్తుంది.

చిరాకు నిజంగా పెరిగిందని తేలితే ముందు చూడవలసినవి మూడు: ఆకలి, నిద్ర, ఇనుము. తిండి మొత్తం తగ్గిపోయి అర్ధాకలితో ఉన్న మనిషికి చిరాకు సహజం. ఇనుము తక్కువగా ఉన్నవారిలో అలసట, విసుగు జంటగా వస్తాయి. నిద్ర బాగుపడిందని రాస్తే భోజనం వేళ కూడా రాయండి. రాత్రి పదకొండింటికి బిరియానీ మాని ఎనిమిదింటికి పుల్కాలు తింటే నిద్ర బాగుపడటానికి మాంసంతో పెద్ద పనిలేదు.

కోరిక పుట్టినప్పుడు దాన్ని కూడా రాయండి, కానీ విడదీసి. పక్కింటి నుంచి వేయించిన అల్లం వెల్లుల్లి, లవంగాల వాసన వచ్చి నోరూరితే అది మసాలా కోరిక. అదే మసాలాలో పుట్టగొడుగులో, పనసపొట్టో, మీల్‌మేకరో వేసి చూడండి, చాలావరకు తీరుతుంది. ఆదివారం పూట మాత్రమే వస్తే అది ఆ రోజు అలవాటు. ఏం తిన్నా నిండలేదనిపిస్తే మాంసకృత్తులో కొవ్వో తక్కువైంది, 4వ మెట్టుకు వెళ్లండి.

ఇంకొకటి ఎవరూ రాసుకోరు. మేనత్త ఇంటికి వెళ్తే "నీ కోసమే నాటుకోడి కోయించాను, తినవా?" అంటుంది. బావమరిది ఇంటి బారసాలలో మీ విస్తరి ఒక్కటే పక్కన వేస్తారు. ఆ రాత్రి పుస్తకంలో దిగులు 4 పడితే దానికి కారణం తిండి కాదు, పంక్తిలో వేరుపడటం. అత్తయ్యకు ముందే ఫోను చేసి "అత్తయ్యా, నాకు నీ చేతి గుత్తివంకాయ చాలు" అని చెబితే ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది. వెళ్లి కూర్చున్నాక చెబితే చిన్నబుచ్చుకుంటారు.

7. ఒకటిన్నర నెల తర్వాత: బలాన్ని కొలవండి

"బలం తగ్గింది" అన్నది అనుమానం. అవే మెట్లు, అదే దారి, అదే బిందె మోసి చూస్తే తెలుస్తుంది. మానకముందు ఒక పని ఎంచుకుని రాసి ఉంచండి: మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలగడం, రెండు కిలోమీటర్ల నడకకు పట్టే సమయం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా నిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో. ఆరు వారాలకు అదే వేళలో అదే పని మళ్లీ చేయండి. ఎండాకాలం మధ్యాహ్నాన్ని కార్తీకం ఉదయంతో పోల్చకండి.

జుట్టు రాలుతోందని ఈ దశలో గాభరా పడేవారు ఉంటారు. జుట్టు రాలడం సాధారణంగా రెండు మూడు నెలల వెనకటి సంగతికి స్పందన. జ్వరమో, కాన్పో, గబగబా బరువు తగ్గడమో జరిగిందా చూసుకోండి. లేకపోతే ఫెరిటిన్, థైరాయిడ్ చూపించండి.

8. మూడు నెలలకు మళ్లీ పరీక్షలు, వాటిని చదివే పద్ధతి

మూడు నెలలెందుకంటే, ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. నెలకే పరీక్ష చేయిస్తే మీకు కనిపించేది ఎక్కువగా పాత తిండితో తయారైన రక్తమే. హెచ్‌బీఏ1సీ కూడా అంతే, అది రెండు మూడు నెలల సగటు. వీలైతే పాత ల్యాబులోనే చేయించండి.

హిమోగ్లోబిన్: మగవారికి 13, ఆడవారికి 12 కంటే తగ్గితే రక్తహీనత. అది మామూలుగా ఉన్నా ఫెరిటిన్ 15 కంటే కింద ఉంటే ఇనుము నిల్వలు అయిపోయినట్టే. హిమోగ్లోబిన్ చూసి ఊరుకుంటే ఇది తెలియదు.

ఎంసీవీ: సీబీపీ కాగితంలో ఉండే ఈ అంకెను ఎవరూ చూడరు. కణం పరిమాణం ఇది, 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఇనుము తగ్గితే కణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ తగ్గితే సగటు మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి ఎంసీవీ బాగుందని బి12 పరీక్ష ఎగ్గొట్టకండి.

బి12: మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోటు. 200, 300 మధ్య ఉంటే సందిగ్ధం, లక్షణాలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

కొలెస్ట్రాల్: ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గడం కొన్ని వారాల్లోనే కనిపించాలి. తగ్గలేదా? మాంసం చోట నెయ్యి, పనీరు, డాల్డా స్వీట్లు, పామాయిల్ బజ్జీలు వచ్చాయేమో పుస్తకం చూడండి. ట్రైగ్లిజరైడ్లు, షుగరు పెరిగితే అన్నం, చక్కెర చూడండి. శాకాహారిగా మారి షుగరు పెంచుకున్నవారు కొల్లలు.

క్రియాటినిన్: కాస్త తగ్గితే కిడ్నీలు బాగుపడ్డాయని అనుకోకండి. వండిన మాంసం తిన్నప్పుడు అందులోంచే కొంత క్రియాటినిన్ రక్తంలోకి చేరుతుంది, అది ఆగిందంతే.

తరచూ చేసే పొరపాట్లు

ఒకేసారి మాంసం, అన్నం, నూనె, టీ అన్నీ మానేయడం. ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు, పదో రోజుకు అన్నీ తిరిగి వస్తాయి.

బాగున్న రోజుల్లో రాయడం మానేసి, బాగా లేని రోజుల్లో పేజీలు నింపడం. అలాంటి పుస్తకం ఎవరిదైనా రోగి పుస్తకంలా కనిపిస్తుంది.

హోటలు శాకాహారాన్ని ఇంటి శాకాహారంతో కలిపి లెక్కించడం. గోబీ మంచూరియా తిని కడుపులో మంట అని రాస్తే అది గోబీ మీద ఫిర్యాదు కూడా కాదు, నూనె మీద.

తిమ్మిర్లు, నాలుక మంట ఉన్నా ఆకుకూరలు ఎక్కువగా తింటున్నాం కదా అని ఊరుకోవడం. ఇది ప్రమాదకరం. ఆకుకూరల్లోని ఫోలిక్ ఆమ్లమూ, దాని మాత్రలూ రక్తహీనతను కప్పిపుచ్చగలవు గానీ బి12 లోటు వల్ల నరాలకు జరిగే నష్టాన్ని ఆపలేవు.

వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లవలసిన లక్షణాలు

పాదాల్లో తిమ్మిర్లు ఆగకపోవడం, నడకలో తూలడం, మెట్లు ఎక్కితే మునుపు లేని ఆయాసం, గుండె దడ, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతూ పోవడం, మలంలో రక్తం, రెండు వారాలకు మించి వీడని దిగులు. వీటిలో ఏదైనా ఉంటే పుస్తకంలో రాసుకుంటూ కూర్చోకండి. తిండి మార్పు తర్వాత వచ్చిందని దాని వల్లే వచ్చిందని తీర్మానించుకోకండి. ఇదే సమయంలో వేరే జబ్బు మొదలై ఉండవచ్చు.

9. కొనసాగించినా, ఆపినా

మూడు నెలల పుస్తకం బాగుంటే రోజూ రాయడం ఆపేయండి. బరువు నెలకోసారి చూసుకోండి, బి12 మాత్రం ఏడాదికోసారి పరీక్ష చేయించండి. మొదటి ఏడు బాగుందని రెండో ఏడు వదిలేయవద్దు, నిల్వ మెల్లగానే తరుగుతుంది.

మళ్లీ తినాలనుకునేవారికి ఒక అనుమానం ఉంటుంది: ఇన్నాళ్లు మానాక మాంసం అరుగుతుందా? అరుగుతుంది. పప్పులోని మాంసకృత్తులను అరిగించే రసాలే మాంసంలోనివాటినీ అరిగిస్తాయి, అవి ఎక్కడికీ పోవు. మాల తీసిన మర్నాడు కడుపు బరువెక్కడానికి కారణం ఎక్కువగా తిన్న పరిమాణం, నూనె, మసాలా. మొదటి రోజు ఒక ఉడికించిన గుడ్డో, రెండు ముక్కల చేప పులుసో తీసుకుని రెండు రోజులు ఆగి చూడండి. ఫ్యామిలీ ప్యాక్ బిరియానీ ఆ తర్వాతి సంగతి.